నోరు మూసిన రాక్షసుడు

వేళ్ల మేస్త్రి అంటే ఆ వీధిలో తెలియనివాళ్లు లేరు. మట్టితో దేవుడి బొమ్మలు చేసి బట్టీలో కాలుస్తాడు. బొమ్మ మొహం ఎలా కుదిరినా, వేళ్లు మాత్రం ఇంకాసేపట్లో కదులుతాయేమో అన్నట్టుంటాయి. పెళ్లి చేసుకోలేదు. ఎవరైనా కదిలిస్తే, "రోజూ ఇన్ని చేతులు పట్టుకుంటున్నాను, ఇంకో చెయ్యి కూడానా" అని నవ్వేసేవాడు. ఇంట్లో అతనూ, చూపు పోయిన తల్లీ. ఇంటి వెనక పెద్ద గదే కార్ఖానా. దాన్ని ఆనుకుని బట్టీ.

ఆ వారం గుడి పెద్ద ఒక జంట బొమ్మ చెయ్యమని చెప్పి వెళ్లాడు. వేలు చూపిస్తున్న దేవుడు, ఆయన కాళ్ల కింద రాక్షసుడు. లోకానికంతటికీ దాచిపెట్టిన ధాన్యాన్ని రాక్షసుడు తగలబెట్టాడట. దేవుడు వేలు చూపించి "వీడే" అన్నాడట. భూమి రెండుగా చీలి వాణ్ణి మింగేసిందట. ఆ గుడి గ్రంథంలో అంతే ఉంది. వాడెందుకు తగలబెట్టాడో, అసలు తగలబెట్టాడో లేదో ఎవరూ అడగలేదు. రాక్షసుణ్ణి అడిగేదేముంటుంది?

రాక్షసుడి విషయంలో మేస్త్రి తండ్రి రెండు నియమాలు పెట్టి పోయాడు. మొహం ఏ ఒక్కరిదీ కాకూడదు, ముక్కు ఒకరిదీ గడ్డం ఇంకొకరిదీ తెచ్చి అతకాలి. నోరు మాత్రం తెరిచే ఉంచాలి. ఈ రెండోదాంట్లో భక్తి ఏమీ లేదు. బొమ్మ లోపలంతా డొల్ల. కాలేటప్పుడు ఆవిరి పోవడానికి కన్నం లేకపోతే పేలిపోతుంది. దేవుడికైతే ఎవరికీ కనబడకుండా వీపున పెడతారు. రాక్షసుడికి అంత మర్యాద దేనికని, వాడి నోరే కన్నం.

ఆ మధ్యాహ్నం ముసురు పట్టింది. గదినిండా తడి మట్టి వాసన. చూరు నుంచి నీళ్లు ఒకటే లెక్కన కారుతున్నాయి. మేస్త్రి చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. ఒక అడుగు వెనక్కి వేసి చూశాడు. ఎడమ కనుబొమ మీద గంటు. కాస్త ముందుకొచ్చిన పై పెదవి. పదమూడేళ్ల అన్నయ్య. ఏదో చెప్పబోతూ ఆగిపోయినట్టు నోరు తెరుచుకుని ఉన్నాడు.

ఆ మొహాన్ని చివరిసారి చూసి నలభై ఏళ్లు దాటింది. అప్పుడు మేస్త్రికి పదేళ్లు. అమ్మ చెల్లెలి పురిటికని ఊరెళ్లింది. బట్టీ నిప్పులతో ఆడుకుంటూ బొమ్మలు దాచే గడ్డి పాక అతనే అంటించాడు. ఏడాది పొడుగునా చేసిన బొమ్మలు బుగ్గి అయిపోయాయి. నాన్న వచ్చి "ఎవడ్రా?" అన్నాడు. అతను నోరు విప్పలేదు. గోరు కొరుక్కుంటున్న వేలిని నోట్లోంచి తీసి అన్నయ్యని చూపించాడు, అంతే. అన్నయ్య ఏదో అనబోయాడు. తమ్ముడి మొహం చూసి ఊరుకున్నాడు. నాన్న వాణ్ణి చావబాది బయటికి గెంటేశాడు.

చీకటి పడే వేళ వానలో తలుపు చప్పుడైంది. రెండుసార్లు, కాస్త ఆగి ఇంకోసారి. అది అన్నదమ్ములిద్దరికే తెలిసిన గుర్తు. నాన్న తాగి పడుకున్నాడు. గడియ తమ్ముడి చేతికి అందేంత దూరంలోనే ఉంది. తీస్తే అన్నయ్య లోపలికొచ్చి నిజం చెప్పేస్తాడని అతను తియ్యలేదు. తెల్లారి వాకిట్లో ఎవరూ లేరు. అన్నయ్య మళ్లీ ఎవరికీ కనబడలేదు. అమ్మ తిరిగొచ్చాక, "కొంప అంటించి పారిపోయాడు, రాక్షసుడు" అన్నాడు నాన్న. వాడికి ఆ పేరే ఉండిపోయింది.

మేస్త్రి ఆ మొహాన్ని పిసికి ముద్ద చెయ్యబోయాడు. చేతులు రాలేదు. చిటికెడు మట్టి తీసి నోరు మూసేసి, పెదాలు అతికి నున్నగా రాశాడు. చెవి వెనక కన్నం పెడితే సరిపోతుందనుకున్నాడు. ఇంతలో అమ్మ గోడ పట్టుకుంటూ వచ్చింది.

"ఏరా, ఉలుకూ పలుకూ లేదు. ఏం చేస్తున్నావు?"

"రాక్షసుణ్ణమ్మా. పచ్చిగా ఉంది, ముట్టుకోకు."

మొహం అప్పటికే ఆమె చేతుల్లో ఉంది. వేళ్లు నుదుటి మీద పాకి, కనుబొమ మీది గంటు దగ్గర ఆగాయి.

"వీడు నా పెద్దోడు కదరా."

అతను మట్టి చేతులు పంచెకి తుడుచుకున్నాడు.

"ఎంత రాక్షసుడైనా ఓ తల్లి కన్నవాడే. వాడికీ ఓ ముద్దుపేరు ఉండే ఉంటుంది. వాడే తగలబెట్టాడని దేవుడికి ఎవడు చెప్పాడో మరి?" ఆమె వేళ్లు పెదాల మీదికొచ్చాయి. "నోరెందుకు మూశావురా?"

అప్పుడే చెప్పెయ్యచ్చు. ఎనభై ఏళ్ల మనిషి, ఇంకెన్నాళ్లుంటుంది? చెప్పకుండానే ఆమె పోతే అన్నయ్య ఎప్పటికీ రాక్షసుడే.

"పనుందమ్మా, నువ్వెళ్లి పడుకో" అన్నాడు.

మట్టి బాగా ఆరాక, ఓ రోజు పొద్దున్నే బొమ్మలు బట్టీలో పేర్చి, వాకిలిని ఇటుకలతో మూసి, పైన మట్టి మెత్తి నిప్పు పెట్టాడు. మంట అందుకున్నాక గుర్తొచ్చింది. చెవి వెనక కన్నం పెట్టలేదు. ఇన్నేళ్ల పనిలో ఎన్నడూ చెయ్యని పొరపాటు. పేలుతుంది. పేలిపోతే బాగుండునని కూడా అనుకున్నాడు. అలా అనుకున్నందుకు తన మీద తనకే రోత పుట్టింది.

పేలలేదు.

మధ్యాహ్నానికి పొగలో కాలిన గడ్డి వాసన మొదలైంది. బట్టీలో కట్టెలే తప్ప గడ్డి లేదు. అప్పుడు వినబడింది.

టక్... టక్...

ఆగింది.

టక్.

"తలుపు తియ్యరా, ఎవరో వచ్చారు" అంది అమ్మ వసారాలోంచి.

"బట్టీ చప్పుడమ్మా... మట్టి కాలుతోంది."

మళ్లీ రెండు... ఒకటి. సాయంత్రం దాకా అలాగే. అతను చెవులు మూసుకుని కూర్చున్నాడు. ఈసారి కూడా లేవలేదు.

మర్నాడు తెల్లారాక వెళ్లేసరికి అమ్మ బట్టీ వాకిలికి చెవి ఆనించి నేల మీద కూర్చుని ఉంది. మెత్తిన మట్టి మెత్తినట్టే ఉంది. ఒక్క ఇటుక కదల్లేదు.

"పెద్దోడితో మాట్లాడుతున్నాను" అంది గుసగుసగా. "పాక ఎవరంటించారని అడిగితే చెప్పడే. నిన్నే అడగమంటాడు."

మేస్త్రి ఆమె పక్కన నేల మీద కూర్చున్నాడు. "నేనేనమ్మా... నేనే అంటించాను. వాడి మీద వేలు చూపించాను."

అమ్మ ఉలిక్కిపడలేదు. అతని తల నిమిరింది.

"మరి తలుపు సంగతో?"

ఆ సంగతి లోకంలో ఇద్దరికే తెలుసు.

"ఇది నీకిచ్చెయ్యమన్నాడు." ఆమె గుప్పిట విప్పింది.

చూపుడు వేలు. ఎర్రగా కాలిన మట్టి, ఇంకా వేడిగా ఉంది. మేస్త్రి దేవుడికి చేసిన వేలు సన్నగా, పొడుగ్గా ఉంటుంది. ఇది పొట్టిది. పదేళ్ల పిల్లాడిది. గోరు కొరికి ఉంది.

మూసిన బట్టీ లోపల్నుంచి... టక్... టక్...

మేస్త్రి రెండు చేతుల్నీ ఇటుకల మీద ఆనించాడు. ఈసారి తీస్తాను, అన్నయ్యా... తీస్తాను... మూడోదాని కోసం చెవొగ్గి ఆగాడు.

మూడోది అతని వెనక నుంచి, ఇంటి తలుపు మీద వినబడింది.