చేపకి చెప్పులుండవు

డాక్టర్ మేడిశెట్టి వైజయంతి ట్యాంకులో చెయ్యి పెట్టి, అన్నిటికంటే పెద్ద చేపను బయటికి తీసేసింది. మిగిలినవి ఏం చేస్తాయో చూడాలని ఆవిడ కోరిక.

ముందు ఆ చేప సంగతి చెప్పాలి, లేకపోతే తరవాత జరిగిన ఘోరం మీకు అర్థం కాదు. క్లౌన్ ఫిష్ అంటారు దాన్ని. నారింజ ఒళ్ళు, తెల్ల చారలు. పగడపు దిబ్బల మీద ఎనిమోన్ అనే జీవి ఉంటుంది, ముట్టుకుంటే కుడుతుంది. మిగతా చేపలు దాన్ని చూస్తే పారిపోతాయి. ఇది మాత్రం దాని చేతుల మధ్యే కాపురం పెడుతుంది. ఆ ఇంటికి పెద్ద ఆడచేప. దాని తరవాత మొగుడు. వాళ్ళ కింద చిన్నవి, ఒకదాని కంటే ఒకటి చిన్నవి. చిన్నవి తిండి లేక చిన్నగా ఉండిపోవు. పైదాన్ని మించి పెరిగితే తరిమేస్తుంది, బయటికి పోతే ఎవడో మింగేస్తాడు. అందుకని పెరగడమే మానేసి, ఏళ్ళ తరబడి వరసలో నిలబడతాయి. పెద్దది పోయిందా, మొగుడే ఆడదైపోతాడు, కిందది మొగుడవుతుంది, తక్కినవి ఒక్కో మెట్టు పైకొస్తాయి. నవ్వకండి, నిజమే చెబుతున్నాను.

పై చేప ఒంటి వాసన కింది చేప మెదడుకి "నీ వంతు ఇంకా రాలేదు" అని చెబుతుందని వైజయంతి కనిపెట్టింది. ఆ వాసనను ల్యాబ్‌లో తయారుచేసి, మనిషికి పనిచేసేలా మార్చింది. ఫ్యాన్ ఉన్న చిన్న డబ్బాలో పెట్టింది. దాన్ని క్యూ దగ్గర తగిలిస్తే, పీల్చినవాడు తన ముందున్నవాణ్ణి దాటి అడుగు వెయ్యలేడు. విసుగు ఉండదు, కోపం ఉండదు. అందరికంటే ముందున్నవాడికి మాత్రం ఏమీ కాదు, వాడి ముందు ఎవరూ లేరు కదా! ఆ డబ్బాకి "వరస" అని పేరు పెట్టింది.

ఆవిడ చెడ్డమనిషి కాదు. వాళ్ళమ్మ చీరల పంపిణీ దగ్గర తొక్కిసలాటలో కాళ్ళ కింద పడి చచ్చిపోయింది. ఇంకొక తల్లి అలా పోకూడదని ఆవిడ పంతం. ఇలాంటి మంచి ఉద్దేశాలే మన కొంప ముంచుతాయి.

మొదటి డబ్బాను కొండపాలెం రేవులో తగిలించారు. సముద్రం ఊరు మింగేశాక అక్కడి బెస్త కుటుంబాలన్నిటినీ ఒడ్డున రేకుల షెడ్లలో పెట్టారు. నీళ్ళ ట్యాంకరు వస్తే రోజూ అక్కడ కురుక్షేత్రమే. ఆ యుద్ధానికి సేనాపతి నూకాలు. పేరుకి తగ్గట్టే నూకుతుంది. మోచేత్తో ఒక్క నూకు నూకిందంటే ముగ్గురు పక్కకి పోవాల్సిందే.

"ఏటమ్మా ఈ డబ్బా?" అంది నూకాలు.

"ఇది ఉంటే తోసుకోవడాలు ఉండవమ్మా. ఎవరి వంతు వాళ్ళకి వస్తుంది," అంది వైజయంతి.

"తొయ్యకపోతే నీళ్ళెలగొస్తాయి డాట్రమ్మా? నువ్వెప్పుడైనా బిందెట్టుకుని నిలబడ్డావేటి?"

నూకాలు అక్క సింహాచలమ్మ పగలబడి నవ్వింది. "దీన్ని ఆపీ డబ్బా ఉంటే నాను దానికి కొబ్బరికాయ కొడతాను తల్లీ!"

మర్నాడు ట్యాంకరు వచ్చింది. నూకాలు బిందె చంకన పెట్టుకుని, బుద్ధిగా, అక్క వెనకాల నిలబడింది. సింహాచలమ్మ అన్నమాట ప్రకారం కొబ్బరికాయ కొట్టింది. పేపర్లలో ఫోటోలు పడ్డాయి. రేషన్ షాపులకీ, ఆసుపత్రులకీ, గుళ్ళకీ డబ్బాలు వెళ్ళాయి. ఇళ్ళు ఎప్పుడిస్తారని అడిగే నోళ్ళు కూడా మెల్లగా మూతపడ్డాయి. అధికారులకి అంతకంటే ఏం కావాలి?

కార్తీకంలో తుఫాను వచ్చింది. షెడ్లవాళ్ళని తీసుకెళ్ళడానికి మధ్యాహ్నం పెద్ద బస్సు వచ్చింది. అందరికీ చోటుంది. తొక్కిసలాట జరక్కుండా బస్సు తలుపు పక్కన డబ్బా తగిలించమన్నారు. వైజయంతే స్వయంగా మాస్కు పెట్టుకుని వచ్చి తగిలించి, పక్క పేటకి వెళ్ళింది.

వరసలో మొదట సింహాచలమ్మ. ఎక్కబోతూ ఆగింది. నిండు చూలాలైన కోడలు గౌరి ఇంకా షెడ్డులోంచి రాలేదు.

"ఒలే నూకాలూ, నా సెప్పులిక్కడెట్టి ఎల్తన్నాను. గుంటని బేగి తెచ్చీస్తాను," అని చెప్పులు విడిచి, వట్టికాళ్ళతో పరిగెత్తింది.

మనవాళ్ళకి ఇది తెలియనిది కాదు. సినిమా టిక్కెట్ల దగ్గరైనా, కిరోసిన్ దగ్గరైనా, చెప్పులు పెట్టి వెళ్తే మనిషి ఉన్నట్టే లెక్క. చేప పోతే దాని వాసన పోతుంది, వెనకది ముందుకొస్తుంది. చేపకి చెప్పులుండవు. ఇంత చదివిన వైజయంతికి ఆ సంగతి తట్టలేదు.

బస్సు ఖాళీ. తలుపు బార్లా తెరిచి ఉంది. దాని ముందు ఒక జత రబ్బరు చెప్పులు. చెప్పుల వెనక నూకాలు, నూకాలు వెనక ఊరంతా. నీళ్ళు చీలమండలు దాటాయి.

"ఎక్కండర్రా! చస్తార్రా!" అని డ్రైవరు అరిచాడు. ఎవరూ కదలకపోతే చెయ్యి పట్టుకుని లాగుదామని దిగాడు. రెండు గుక్కలు పీల్చాడు. తిన్నగా వెళ్ళి వరస చివర నిలబడ్డాడు.

కబురు విని వైజయంతి డబ్బా ఆపడానికి పరిగెత్తుకొచ్చింది. కంగారులో మాస్కు మరిచిపోయింది. ఆవిడ వెళ్ళి డ్రైవరు వెనకాల నిలబడింది.

కెరటం రోడ్డెక్కింది. చెప్పులు తేలి బస్సు కిందికి పోయాయి, డబ్బాలోకి నీళ్ళు వెళ్ళి ఫ్యాన్ ఆగింది. అప్పుడొచ్చింది అందరికీ స్పృహ, పీకల దాకా వచ్చాక! తోకనున్నవాళ్ళు మెరక మీదికి ఈదారు. ముందున్నవాళ్ళని బస్సుతో సహా సముద్రం లాక్కుపోయింది. వాళ్ళలో నూకాలు ఒకతి. సింహాచలమ్మ గౌరిని బడి డాబా మీదికి ఎక్కించి, తనూ బతికింది.

ప్రభుత్వం విచారణ జరిపింది. "ఎక్కడా తొక్కిసలాట జరగలేదు" అని తేల్చింది. వైజయంతికి సన్మానం ప్రకటించారు. ఆవిడ వెళ్ళలేదు. మాస్కు పెట్టుకుని కొండపాలెం వెళ్ళింది, సింహాచలమ్మ కాళ్ళు పట్టుకుందామని, ఆవిడ చేత నాలుగు చెంపదెబ్బలైనా తిందామని.

సాయం బియ్యం పంచుతున్నారక్కడ. వరసలో మధ్యన సింహాచలమ్మ ఉంది. పక్క స్తంభానికి తగిలించిన కొత్త డబ్బాలో ఫ్యాన్ తిరుగుతోంది. వైజయంతి చెయ్యి దాని మీదికి పోయింది.

"ముట్టుకోకండి మేడమ్, తొక్కిసలాటయిపోద్ది," అని మాస్కు పెట్టుకున్న కానిస్టేబుల్ చెయ్యి అడ్డం పెట్టాడు.

వైజయంతి సింహాచలమ్మ వైపు తిరిగి భోరుమంది. "నన్ను తిట్టమ్మా. కొట్టు. నీ చెల్లిని నేనే చంపాను."

సింహాచలమ్మ ఆవిడ వంక చల్లగా చూసింది. ఆ మొహంలో కోపం లేదు, ఏడుపూ లేదు.

"నా ముందర ఇంకా సానామంది ఉన్నారు డాట్రమ్మా. నా వంతు రానీ. అప్పుడేడుస్తాను."

ముందున్న మనిషి ఒక అడుగు జరిగింది. సింహాచలమ్మ కూడా ఒక అడుగు జరిగింది.