ఇంజన్ల నీళ్ళు తాగే మలుపు

మా తాతగారు నలభై ఏళ్ళు బడిలో వ్యాకరణం చెప్పారు. ఒక్క పిల్లవాడి మీద బెత్తం ఎత్తకుండానే సంధులూ సమాసాలూ కంఠతా పట్టించారు. మా అమ్మ రాత్రిబడి నడిపి, వేలిముద్రలు వేసే ఆడవాళ్ళచేత సంతకాలు పెట్టించింది. మెట్టినింట మా మామగారు మోటారు మెకానిక్కు. కొండదారి పైమలుపులో రేకుల షెడ్డు వేసుకుని, ఆగిన బండిని రోడ్డు మీద వదిలిపెట్టి ఏనాడూ అన్నానికి కూర్చోలేదు. ఆ ముగ్గురినీ తలచుకుని ఈ కథ మొదలుపెడుతున్నాను. ఎందుకంటే, వారిలో ఒకరి పేరుకు ఇందులో మచ్చ తగిలింది.

మామగారు కాలం చేసిన తరువాత షెడ్డుకు తాళం పడింది. తాళం పడిన ఏడాదికే ఆ మలుపుకు చెడ్డపేరు వచ్చింది.

కింది ఊరినుంచి అక్కడికి ఆరు మైళ్ళు, ఎడతెగని ఎక్కుడు. చీకటి పడ్డాక వచ్చిన బండి సరిగ్గా ఆ మలుపు దగ్గరే కాగిపోయి ఆగేది. బోనెట్ సందుల్లోంచి తెల్లగా ఏదో లేచి, నిలువెత్తున ఊగేది... అప్పుడు, తాళం వేసిన షెడ్డులోంచి —

ఠంగ్... ఠంగ్...

సుత్తి చప్పుడు.

ముసలి మెకానిక్కు ఇంకా వదలలేదనీ, ఇంజన్లలో నీళ్ళు తాగి బతుకుతున్నాడనీ లారీవాళ్ళు చెప్పుకునేవారు. చచ్చినవాడు బతకడమేమిటని, ఆ వాక్యానికి అన్వయమేమిటని, వాళ్ళను అడిగినవారు లేరు.

ఇక జరిగిన సంగతి. ఇది నాకు చెప్పినది ఒక టాక్సీ డ్రైవరు భార్య. ఆమె కుట్టుపని చేస్తుంది. కొలత తప్పి మాట్లాడదు. మొగుణ్ణి ఊరంతా ‘తొందర’ అని పిలుస్తుంది. తల్లి కడుపులోంచే నెల ముందుగా బయలుదేరాడని అత్తగారు చెప్పేదట.

ఆ తొందరకు ఒక పాతబండి ఉన్నది. చదును రోడ్డు మీద లేడిపిల్లలా పరుగెత్తేది. కొండ ఎక్కిస్తే మాత్రం కుండలా కాగేది. రేడియేటర్ కడిగించాడు, గొట్టాలు మార్పించాడు, థర్మోస్టాట్ కొత్తది వేయించాడు. ఫలితం సున్న. ఒక మెకానిక్కు మాత్రం ఫ్యాను నడుమ ఉండి, ఇంజను వేడెక్కినప్పుడు దాన్ని పట్టి తిప్పే క్లచ్చు మీద అనుమానపడ్డాడు. కానీ దాని నట్టు ఊడలేదు. ఇద్దరు మనుషులు గొట్టం తగిలించి వేలాడితే పానాయే విరిగింది. ‘అది బాగానే ఉందిలే’ అనేసి ఊరుకున్నారు.

చివరికి భార్య తేల్చి చెప్పింది: బండి ఉంటుందా, తాను ఉంటుందా అని. కొండ అవతల పాతసామాన్ల వ్యాపారితో మాట అయింది. తెల్లవారేసరికి బండి అప్పగించాలి. ఆ మరునాటినుంచి తొందర తన బావమరిది బట్టలకొట్టులో తానులు విప్పి మడతపెట్టాలి. కొట్లో నిన్ను ‘బావా’ అని పిలవను, ఏమీ అనుకోవద్దని ఆ పెద్దమనిషి ముందే చెప్పాడట. ఇరవై ఏళ్ళు తన చక్రం తాను తిప్పుకున్నవాడికి ఆ మాట ముల్లులా దిగింది.

మొగుడు మధ్యలో మనసు మార్చుకుంటాడేమోనని భార్య కూడా బండెక్కింది. మూడు మలుపులు... నాలుగు... వేడి చూపే ముల్లు ఎర్రగీత దాటింది.

“ఇక్కడ ఆపకండి,” అన్నదామె గుసగుసగా. “చచ్చినా ఆపకండి.”

“నేనెక్కడ ఆపానే? అదే ఆగింది.”

ఇంజనుతోపాటు దీపాలూ ఆరిపోయాయి. ఇంజను లోపల గుటగుటమని చప్పుడు — ఎవరో గుక్కపెట్టి తాగుతున్నట్టు. బోనెట్ ఎత్తగానే తెల్లటి ఆవిరి ముఖం మీదికి కొట్టింది. తొందర తన పేరు నిలబెట్టుకున్నాడు. తుండుగుడ్డ చేతికి చుట్టుకుని రేడియేటర్ మూత మీద చెయ్యి వేయబోయాడు.

“మూత ముట్టుకోకు.”

ఆ మాట అన్నది భార్య కాదు.

ఆవిరి రెండుగా చీలింది. మధ్యలో... తెల్లచీర. చేతిలో లాంతరు. ముఖం కనిపించలేదు.

తొందర పరుగు లంకించుకున్నాడు. నాలుగు అడుగులు వేశాక భార్య గుర్తుకు వచ్చి వెనక్కి వచ్చాడు. ఆ నాలుగు అడుగుల లెక్క ఇప్పటికీ ఆ ఇంట్లో నడుస్తూనే ఉన్నది. కూరలో ఉప్పు తక్కువైందంటే చాలు, ఆమె వాటిని ఎత్తుతుంది.

తెల్లచీర బండి దగ్గరకు జరిగింది. పై గొట్టం మీద చెయ్యి ఆనించింది, కింది గొట్టం మీద ఆనించింది. రెండూ వేడిగానే ఉన్నాయి, అంటే నీళ్ళు తిరుగుతూనే ఉన్నాయి. బెల్టు నొక్కి చూసింది.

“ఎప్పుడు కాగుతుంది? ఎక్కేటప్పుడా, చదును మీదా?”

“ఎ... ఎక్కేటప్పుడేనండీ.” దెయ్యానికి ‘అండీ’ తగిలించాలని ఆ క్షణాన ఎలా తోచిందో తనకే తెలియదట.

తెల్లచీర వేలు చాచి ఫ్యాను రెక్కను ఒక్క మీటు మీటింది. రెక్కలు తిరిగాయి... తిరిగాయి... తిరుగుతూనే ఉన్నాయి.

“చూశారా? వేడిమీద ఉన్నప్పుడు ఇది మొండికెయ్యాలి. పిల్లల గాలిపంకాలా తిరగకూడదు. క్లచ్చులో నూనె కారిపోయింది. చదును మీద ఎదురుగాలి చల్లబరుస్తుంది. ఎక్కుడులో గాలి ఉండదు, ఫ్యాను లాగదు. మరి కాగక ఏం చేస్తుంది?”

“ఆ నట్టు ఊడదండీ,” అన్నాడు తొందర. “నెల రోజులుగా చూస్తున్నాం.”

“ఎటు తిప్పారు?”

“అన్ని నట్లూ ఎటు తిప్పుతామో అటే.”

“ఈ బండికి ఇది ఎదురుమర నాయనా. నెల రోజులూ మీరు దాన్ని ఊడదీయలేదు. బిగించారు.”

భయం సంగతి మరచిపోయి భార్య మొగుడి వైపు తిరిగింది. ఆ చూపు ముందు దెయ్యమే నయమనిపించిందని తొందర తరువాత ఒప్పుకున్నాడు.

ఇంజను చల్లారేదాకా తెల్లచీర ఎవరినీ చెయ్యి పెట్టనివ్వలేదు. ఆ తరువాత నట్టు అంచున నాలుగు చుక్కలు నూనె పడింది. పుల్లీ కదలకుండా ఇనుపపట్టీ పట్టుకోవలసి వచ్చింది. తొందర దాన్ని రెండుసార్లు జారవిడిచాడు. పట్టీ భార్య చేతికి వెళ్ళింది. రోజంతా కత్తెర పట్టే చెయ్యి కనుక ఇసుమంత కూడా జారలేదు. వెడల్పాటి పలుచని పానా నట్టుకు తగిలింది. దాని పిడి మీద, మామూలు నట్లను బిగించే దిక్కుగా, చిన్న సుత్తితో —

ఠంగ్.

కదలలేదు.

ఠంగ్... ఠంగ్...

కీచుమన్నది. సడలింది.

“మా ఆయనకన్నా ఇదే నయం,” అన్నది భార్య. “మూడో దెబ్బకే మాట విన్నది.”

షెడ్డులోని ఒక పాతబండినుంచి అలాంటిదే మరో క్లచ్చు వచ్చి దాని స్థానంలో కూర్చున్నది. కిందిదాకా దిగి మళ్ళీ ఎక్కి రమ్మని తెల్లచీర ఆజ్ఞాపించింది. వెళ్ళారు. ఈసారి ఎక్కుతుంటే ఫ్యాను హోరు పెట్టి గాలి లాగింది; ముల్లు నడిమిగీత దగ్గర కూర్చుని మరి లేవలేదు. తొందర ఏడ్చాడట. కంట్లో నూనె పడిందని చెప్పాడట.

పైకి వచ్చి బండి దిగిన భార్య, తల వంచి ఆ తెల్లచీర అంచు కిందికి చూసింది — పాదాలు వెనక్కి తిరిగి ఉన్నాయేమోనని.

తిరిగి లేవు. ముందుకే ఉన్నాయి. రబ్బరు చెప్పులు, ఒకదాని వారుకు పిన్నీసు. రెండింటి నిండా నల్లటి గ్రీజు.

ఆమె లాంతరు అందుకుని పైకెత్తింది.

“టీచరమ్మగారూ... మీరా?”

నేనే.

మామగారు నాకు విద్య నేర్పారు, ఆయన కొడుకుకు నూనె వాసన పడదు కనుక. పగటిపూట వ్యాకరణం చెప్పే మనిషి రాత్రిళ్ళు బండి కింద పడుకుంటుందంటే ఊరు నవ్వుతుందని జంకి, షెడ్డు వెనకే ఉన్న మా ఇంటి పెరటిదారిన, వెనక తలుపు తీసుకుని షెడ్డులోకి వెళ్ళి, ఆయన పాతబండ్లను ఒక్కొక్కటిగా విప్పి బిగిస్తూ ఉండేదాన్ని. నా పరువు కాపాడుకోవడానికి ఆయనను దెయ్యం కానిచ్చాను. తప్పు నాది. ఆగిన ప్రతి బండివాడూ సుత్తి చప్పుడుకే పారిపోయాడు. వారిని నిలబెట్టి మాట్లాడే ధైర్యం అంతవరకూ నాకు లేకపోయింది. ఆ రాత్రి మాత్రం ఒకడి చెయ్యి కాలబోతుంటే నోరు ఊరుకోలేదు.

బండి అమ్మలేదు. బావమరిది కొట్టులో తానులు ఆయనే మడతపెట్టుకుంటున్నాడు.

మరునాడు పట్టపగలు, పదిమందీ చూస్తుండగా షెడ్డు తాళం తీశాను. నేను అప్పగించినవి ఇవి: వెడల్పు పానా, పుల్లీ పట్టీ, చిన్న సుత్తి, మూడు పాతబండ్లు, తాళంచెవి. వాటితోపాటు మామగారు నాకు చెప్పిన మాట — ముందు చూడు, తరువాత విప్పు. ఊడకపోతే బలం పెంచే ముందు దిక్కు అడుగు. తీసుకున్నది తొందర కాదు, అతని భార్య. వారానికి మూడు రోజులు కుట్టుమిషను, మూడు రోజులు షెడ్డు. ఇప్పటికి పదకొండు క్లచ్చులు ఊడదీసింది. ఒక్క పానా కూడా విరగలేదు.