తూర్పు గోడ కూలిన ఉదయం

గురువారం, మార్చి 6. ఉదయం 6:40.

అమెరికాలోని కాన్సాస్ పల్లెల్లో ఒకటైన వెల్నోలో, నూట ఇరవై ఎనిమిదేళ్ల రాతి బడి తూర్పు గోడ కూలింది. దాని కింద లెనార్డ్ పావెల్కా శవం దొరికింది. వయసు డెబ్భై ఒకటి. మ్యూజియంగా మారిన ఆ బడికి కాపలా, మరమ్మతులు అన్నీ ఆయనే చూసేవాడు.

షెరిఫ్ తర్వాతి పోలీసు అధికారి, అండర్‌షెరిఫ్ డేల్ వోపాట్ 6:58కి చేరాడు. శిథిలాల చుట్టూ ఒక్కసారి తిరిగాడు. ఎక్కువసేపు ఉండలేదు.

ఏ కేసులోనైనా అతను ముందు వేసే లెక్క ఒకటే. ఎవరికి గిట్టుబాటు?

ట్రెంట్ హాలవేకి. మట్టి తవ్వే మెషీన్ అతని జీవనాధారం. ఆ స్థలం అమ్మమని చారిత్రక కట్టడాల సంఘాన్ని మూడేళ్లుగా అడుగుతున్నాడు. మంగళవారమే గోడకు ఎనిమిది అడుగుల దూరంలో నీటి పైపుకని గుంత తవ్వాడు.

తొమ్మిదింటికల్లా ట్రెంట్ లాకప్‌లో ఉన్నాడు.

"గోడను తాకావా?"

"లేదు."

"మెషీన్ బకెట్ తగిలిందేమో?"

"తగిలితే బకెట్‌కి గీత పడదా? పోయి చూసుకోండి సార్."

"గోడ పడితే లాభం నీకే కదా?"

"లెనార్డ్ పోతే నాకేం లాభం? ఈ ఊళ్లో శుక్రవారం శుక్రవారం చర్చి భోజనాల్లో నా పక్కన కూర్చుని చేపలు తినేది ఆయనొక్కడే!"

డేల్ ఆ మాట రాసుకోలేదు.

ఊరు మాత్రం తీర్పు చెప్పేసింది. హంతకుడు. శనివారం సాయంత్రానికి రిపోర్టు అందితే ట్రెంట్ మీద కేసు పెడతానని ప్రాసిక్యూటర్ ఫోన్ చేశాడు.

శనివారం మధ్యాహ్నం డేల్ మళ్లీ వెళ్లాడు. గుంత కొలిచాడు. పునాది కదల్లేదు. బకెట్ మీద గీత లేదు.

నాలుగింటికి చర్చి భోజనాల గదిలో ముగ్గురిని కూర్చోబెట్టాడు. సంకెళ్లతో ట్రెంట్. లెనార్డ్ భార్య బెవర్లీ. సంఘం అధ్యక్షురాలు ఇర్మా కుచెరా. ఇర్మాకి డెబ్భై ఎనిమిదేళ్లు. మూడో తరగతిలో డేల్‌కి పాఠాలు చెప్పింది.

డేల్ బల్ల మీద ఒక బూడిదరంగు ముక్క పెట్టాడు.

"ఇదేంటి టీచర్?"

"సిమెంటు. రాళ్ల మధ్య అతుకు."

"రాళ్లేమో పొడైపోయాయి. అతుకులు చెక్కుచెదరలేదు. బయటి దెబ్బకి పడ్డ గోడ ఇలా ఉండదు. మన రాయి మెత్తనిది, వాన నీళ్లు తాగేస్తుంది. పాతవాళ్లు సున్నంతో అతికితే ఆ నీళ్లు సున్నంలోంచి ఆరిపోయేవి. మనం సున్నం గీకేసి సిమెంటు కూరాం. నీళ్లు లోపలే ఉండి, చలికి గడ్డకట్టి, రాయిని చీల్చాయి. ఇరవై ఎనిమిది చలికాలాలు."

ఇర్మా ఆ ముక్కను చేతిలోకి తీసుకుంది.

"సున్నమే వాడమని అప్పట్లోనే రాష్ట్ర చారిత్రక కట్టడాల ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది, నాయనా. సున్నమైతే రెండు వేసవులు పడుతుంది. బడి వందేళ్ల పండగేమో ఆ సెప్టెంబర్లోనే. ఉత్తరం సొరుగులో పడేశాను. సిమెంటైతే ఇంకా గట్టిగా ఉంటుందనుకున్నా."

"బావుంది!" ట్రెంట్ సంకెళ్లు బల్లకేసి కొట్టాడు. "మరి ఆ సిమెంటు కూరిన మహానుభావుడెవరు?"

ఇర్మా డేల్ వైపు చూసింది.

"తూర్పు గోడ నాది," అన్నాడు డేల్. "అప్పుడు నాకు పంతొమ్మిదేళ్లు. వారంలో పూర్తి చేశానని అందరూ చప్పట్లు కొట్టారు."

"ఇది ఇవాళ తెలిసిందా మీకు?"

"గురువారం ఏడింటికే చూశాను. చూసి కూడా నిన్ను లోపలేశాను."

డేల్ లేచి సంకెళ్లు విప్పాడు. ట్రెంట్ మణికట్లు రుద్దుకుంటూ ఉండిపోయాడు.

"మిగతా మూడు గోడలు?" బెవర్లీ అడిగింది.

"వాటికీ ఆ వేసవిలోనే సిమెంటు కూరాం."

"అయితే రేపటి నుంచి ఎవర్నీ లోపలికి రానివ్వకండి."

"ముందు రిపోర్టు రాయండి సార్," అన్నాడు ట్రెంట్. "నా కళ్లెదుట."

డేల్ కాగితం తీశాడు. బాధ్యుల గడిలో మొదట తన పేరు రాశాడు. ఇర్మా అడగకుండానే తన పూర్తి పేరు చెప్పింది. అదీ రాశాడు. తర్వాత కలం ఆగిపోయింది.

"ఆగావేం?" అంది బెవర్లీ. "మా ఆయన పేరు కూడా రాయి. ఆ సిమెంటు కలిపింది ఆయనే."