కోటుకి రెండో గుండీ

ఫొటో దుకాణం నడిపే ఎవరిస్తోని చంపినవాళ్ళు కెమెరా ముట్టుకోలేదు, గల్లాపెట్టె ముట్టుకోలేదు. పోలీసులు వచ్చేసరికి కంప్యూటర్ మాత్రం ఇంకా వేడిగా ఉంది.

మర్నాడే ఆ కుర్చీలో ఎర్లిండా కూర్చుంది. వీపున చారల దుప్పటిలో ఎనిమిది నెలల నైరా. లా పాస్‌లో గుర్తింపు కార్డుల ఆఫీసు వీధిలో, పిల్లతల్లి పిల్లని వీపున కట్టుకోకుండా పనికొస్తే అనుమానం. కట్టుకుని వస్తే భయం. భయమే నయమన్నాడు గూఢచారి శాఖ కర్నల్.

"ఎవరిస్తో మన మనిషి," అన్నాడాయన, పని అప్పజెప్తూ. "మన ఏజెంట్లు పందొమ్మిది మంది పేర్లూ ఇళ్ళ అడ్రసులూ బయటికి పోయాయి. విదేశీ ముఠా వాటిని ఒక ఫొటోలో, పిక్సెళ్ళ మధ్య దాచింది. కంటికి కనపడదు. ఆ ముఠా దేశపు వీసా ఆఫీసుకి ఫొటోలు పంపే అనుమతి ఆ వీధిలో ఆ ఒక్క దుకాణానికే ఉంది. అవతల వాళ్ళ మనిషి కాచుకుని ఉన్నాడు."

"అందులో నా పేరు కూడా ఉందా, సార్?"

"మూడోది."

నైరా ఉండే అడ్రసు కూడా అదే. "మరి ఆ రాతని ఎలా చెరపాలి?"

"ఆ ఫొటో నీ దగ్గరికి వచ్చినప్పుడు సైజు తగ్గించు. పిక్సెళ్ళు కలిసిపోతే రాత చెదిరిపోతుంది. ఖరీదైన సాఫ్ట్‌వేర్ మనకుంది గానీ, దానికి ఆరు సంతకాలు కావాలి."

"వద్దులెండి. ఎవరిస్తో కొన్నది ఉందిగా. ఏడాదికి రెండు కోళ్ళ ఖరీదు."

ఆ సాఫ్ట్‌వేర్ చవకదే గానీ పనితనం ఉన్నది. రోజుకి రెండు వందల ముఖాలు చూసే ఎవరిస్తో, ఒక్క మీట నొక్కితే ఎంత ఫొటో అయినా నాలుగు బై నాలుగు సెంటీమీటర్లకి కుంచించుకుపోయి, అసలు ఫైల్ మీదే సేవ్ అయ్యేలా పెట్టుకున్నాడు. ఇంకో పని కూడా చేసేవాడు. వీధిలో సగం మందికి కోటు లేదు, కార్డులో మాత్రం అందరికీ కోటు కావాలి. తన పాత కోటునే ఫొటో తీసి అందరికీ అతికించేవాడు. దానికి రెండో గుండీ ఊడిపోతే మౌస్‌తో గీశాడు, కాస్త వంకరగా. ఆ వంకర గుండీని ఎర్లిండా రెండు రోజుల్లో మూడు వందల మందికి తొడిగింది.

మూడో రోజు మధ్యాహ్నం మూడున్నరకి, ముందు అత్తరు వాసన వచ్చింది, వెనక హిమేనా వచ్చింది. ఒకప్పటి అందాల రాణి. కర్నల్ తరపున ముఠాలో చేరిన ఏజెంట్.

"నాన్నకి నాలుగు ఫొటోలు కావాలమ్మా. ఎర్ర తెర."

"ఎర్ర తెర ఉతికి ఆరేశాం, సెన్యోరీతా."

కోడ్ సరిపోయింది. హిమేనా చెవిపోగు విప్పింది. అందులోంచి గోరంత మెమరీ చిప్ వచ్చింది. "ఇది దొంగ జాబితా. ముఠాకి ఎర. కర్నల్ ఆర్డర్ మారింది. ఉన్నదున్నట్టు పంపు, నాలుగులోపు. ఫొటో పొద్దునే సాంతా క్రూస్‌లో నేనే తీశా."

ఎర్లిండా ఫొటో తెరిచింది. బొద్దు మనిషి, నల్లకోటు. రెండో గుండీ వంకరగా ఉంది.

సాంతా క్రూస్‌లో కాదు. ఈ కుర్చీలో, ఎవరిస్తో చేతుల మీదుగా. తయారు చేయించి, పంపనన్నందుకు చంపారు. అంటే ఇది అసలు జాబితాయే, హిమేనా ముఠా మనిషే. అది అతికించిన కోటని, బీరువా నిండా బట్టలున్న హిమేనాకి తోచి ఉండదు.

ఈలోగా వీపు తేలికైంది.

"పాపం బరువు కదా, నేను పట్టుకుంటాలే." నైరా హిమేనా ఒళ్ళో ఉంది. హిమేనా రెండో చెయ్యి హ్యాండ్‌బ్యాగులో ఉంది. "ఏంటమ్మీ, ముఖం అలా పాలిపోయింది?"

"పొద్దున్నించి ఏం తినలేదు, సెన్యోరీతా."

"పంపేశాక తిందువుగాని. తల్లీబిడ్డా ఇద్దరూ తిందురుగాని."

ఎర్లిండా పిల్ల మూతిగుడ్డ తీసి, దుమ్మని గొణుక్కుంటూ కీబోర్డు తుడిచింది. గుడ్డ కింద, సైజు తగ్గించే మీట నొక్కుకుంది. తెర మీద బొద్దు మనిషి ఒక్కసారి రెప్పలాడించినట్టయింది.

"ఏం చేశావ్?"

"ఏం లేదు. ముసలి కంప్యూటర్, కునికిపాట్లు పడుతుంటుంది."

నాలుగుకి రెండు నిమిషాలు. పంపింది. ఇలా నొక్కిందో లేదో, అలా ఫొటో వెళ్ళిపోయింది. అదే కొంప ముంచేలా ఉంది.

"ఇంత త్వరగానా?" హిమేనా గొంతు సన్నబడింది. "పది నిమిషాలు పడుతుందన్నారే."

ఎర్లిండా మూతిగుడ్డ మడతపెట్టింది. "వీధి వీధంతా టీకి పోయే వేళ కదా. లైనంతా మనదే."

గోడ గడియారం కొట్టుకుంటోంది. నైరా రెండో చెవిపోగు పట్టుకుని లాగుతోంది.

"సెన్యోరీతా, పిల్లతో ఎంత బాగున్నారో. ఒక్క ఫొటో తియ్యనా? ఊరికేలెండి."

అందాల రాణులు కెమెరాకి కాదనలేరు. జుట్టు సర్దుకోడానికి హిమేనా బ్యాగులోంచి చెయ్యి తీసింది. ఫ్లాష్ ఒకసారి వెలిగింది. మళ్ళీ వెలిగింది. రెండు ఫ్లాష్‌లంటే ప్రమాదమని ఎదుటి గట్టు మీద సాల్తేన్యాలు, అంటే కూర కజ్జికాయలు, అమ్ముతూ కాపలా కాసే కర్నల్ మనిషికి తెలుసు. బుట్టలో కజ్జికాయల కింద వాడి పిస్తోలు ఉంది. హిమేనా చెయ్యి బ్యాగు దాకా వెళ్ళేలోపే వాడు గుమ్మంలో ఉన్నాడు, పిల్ల తల్లి చేతుల్లో ఉంది.

నాలుగింటికి వీసా ఆఫీసు నుంచి జవాబు వచ్చింది: "ఫొటో సైజు మరీ చిన్నది. పెద్దది పంపగలరు." చిప్‌లో కూడా ఆ చిన్నదే మిగిలింది.

ఎర్లిండా పిల్లని గుండెకి అదుముకుని చాలాసేపు లేవలేదు. ఆ తర్వాత, జైలు కార్డుకి హిమేనా ఫొటో కావాలని కర్నల్ కబురు పెడితే, ఇందాక తీసిన ఫొటోలోంచి నైరాని తీసేసి, నాలుగు బై నాలుగుకి తగ్గించింది. జైలు కార్డుకి కోటు అక్కర్లేదు. అయినా ఎవరిస్తో కోటు తొడిగి, రెండో గుండీ సరిగ్గా వంకరగా ఉందో లేదో చూసుకుని మరీ పంపింది.