ఎడమచేతి ముసుగువాడు

మా తాతలు సముద్రం దాటి కూలికొచ్చిన సుంగై పెటాని శివార్లలో, ఎప్పుడో అమ్మేసిన రబ్బరు ఎస్టేటు తాలూకు హాలొకటి మిగిలిపోయింది. సాయంత్రం ముసలాళ్ళ భజన అయ్యిందంటే తలుపేసి అందరూ గబగబా ఇంటిదారి పడతారు. చీకటి పడ్డాక అక్కడ ఎవరూ ఆగరు. ఆగితే... ముసుగువాడు వస్తాడు.

వాడు మామూలు దెయ్యం కాదు, సినిమా దెయ్యం. పాతరోజుల్లో ఎస్టేటుకి వ్యానులో సినిమాలొచ్చేవి, ఈ హాలు ముందే ఆరుబయట తెర కట్టేవారు. ఒకసారి ఇటలీ నుంచో ఎక్కణ్ణుంచో ఓ కత్తియుద్ధాల సినిమా వచ్చింది. కళ్ళకి నల్లగుడ్డ, భుజాన నల్ల దుప్పటి, బీదల్ని ఏడిపించే దొరల మీసాలు కత్తిమొనతో కోసిపారేసే వీరుడు. అంతలో వాన! ఆఖరి రీలు వెయ్యనేలేదు. కథ ముగియక, తన ఊరికి దారి తెలియక, పాపం వాడిక్కడే ఉండిపోయాడట.

మా జయకుమార్ మామయ్య ఇవన్నీ నమ్మడు. ఆయన మా తెలుగు సంఘం అధ్యక్షుడు. హాలు కూలగొట్టి కారు పార్కింగ్ కట్టించాలని, దానికి తన పేరే పెట్టాలని — ఎవరూ అడక్కపోయినా — ఆయన పట్టుదల. ఆదివారం మీటింగులో తీర్మానం. ముందుగానే హాలు గోడకి తన బొమ్మతో పెద్ద బ్యానరు కట్టించాడు. అందులో ఆయన కంటే ముందు ఆయన మీసం కనిపిస్తుంది.

తెల్లారేసరికి మీసం లేదు.

నీటుగా కోసేశారు. ఇంకో బ్యానరు కట్టారు. దాని మీసమూ పోయింది. సంఘంలో, మాట చివర మా ఊరి 'లా' తగిలించి, గుసగుసలు... "ముసుగోడికి కోపం వచ్చినాది లా!"

"నేనే పట్టుకుంటాను. పట్టుకోలేకపోతే హాలు జోలికే రాను," అని మామయ్య శపథం పట్టి, శనివారం రాత్రి కొడుకు విక్నేష్‌ని వెంటేసుకుని వెళ్ళాడు. తర్వాతిదంతా విక్నేష్ బావ చెప్పిందే... నేను కలిపింది కొంచెమే.

చీకటి. కప్పలు. మామయ్య చేతిలో టార్చి.

"నాన్నా... పోదాం లా."

"నోర్ముయ్. అధ్యక్షుడు పారిపోడు."

టప్... బ్యానరు కదిలింది. గాలి లేదు.

టార్చి అటు తిరిగింది. నల్ల దుప్పటి. కళ్ళకి నల్లగుడ్డ. ఎడమ చేతిలో పొడుగాటి కత్తి... మెల్లిగా లేచింది. బ్యానరు మీది మీసం వైపు కాదు — అసలు మీసం వైపు!

"మీసం... ఇటియ్యి..." అంది ఓ గొంతు.

అధ్యక్షుడు పారిపోలేదు. ఎగిరిపోయాడు. ఒక చెప్పునీ, టార్చినీ, కొడుకునీ అక్కడే వదిలేశాడు.

ఆదివారం మీటింగులో ఆయనే లేచి, "ఈ హాలు మన పూర్వీకుల గుర్తు. ఎవరు ముట్టుకున్నా ఊరుకోను!" అన్నాడు. చప్పట్లు మోగాయి. ఆయన మాత్రం మీసం మీంచి చెయ్యి తియ్యలేదు.

ఆ సాయంత్రం ఆ పాత సినిమా ఫోన్లో దొరికితే బావకి చూపించాను. వాడి మొహం పాలిపోయింది.

"వీడు కుడిచేత్తో తిప్పుతున్నాడేటి? నేను చూసినోడిది ఎడమ చెయ్యి!"

పక్కనే వక్క నములుతున్న మా పాపాత్తి అమ్మమ్మ — మామయ్యని కన్నతల్లి — ఫోను వైపు ఓ చూపు చూసింది.

"నీ ఫోనే తప్పు. ఆడిది ఎడమ చెయ్యే లా."

"నీకెలా తెలుసు?"

"సిన్నప్పుడు సూసినాను కదా. తెరకి ముందర కుర్చీలు దొరకీ, గుమస్తాలకీ. కూలోళ్ళ పిల్లలం మేం తెర ఎనకాల, నేల మీద."

బావా నేనూ మొహాలు చూసుకున్నాం. తెర వెనక నుంచి చూస్తే కుడి చెయ్యి ఎడమవుతుంది! తలుపు మూలకి చూశాను. అమ్మమ్మ గొడుగు కర్ర... దాని చివర రబ్బరు చెట్లు గీసే కత్తి కట్టి ఉంది.

"అమ్మమ్మా! కన్నకొడుకు మీసమే కోసెయ్యబోయావా?"

"హాలు పోతే భజనోళ్ళం మేం ఎక్కడ కూసుంటాం? ఆడి కారులోనా?" అంది అమ్మమ్మ. "బ్యానరు మీద ఓ మీసం కోసినాను, నిజమే. శనివారం మాత్రం నాను కాదు."

బావ నా పక్కకి జరిగాడు.

"మరి... ఎవరు?" అన్నాడు.

అమ్మమ్మ భజన తాళాలు చేతికి తీసుకుని, మెల్లిగా గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగింది.

"ఏమో లా. శనివారం నా వంతు కాదు."