ముందు సీట్లో కూతురు

ఆదివారం పొద్దున ఆ ఇంటి వరండా చూస్తే ఎవరో ఇల్లు ఖాళీ చేసి పోతున్నారనుకుంటారు. ఒక పక్క పుస్తకాల పెట్టె, ఇంకో పక్క మంచినీళ్ళ సీసాలు, గోడవారగా మడత కుర్చీలు, మెత్తటి గుడ్డల్లో చుట్టిన వైన్ గ్లాసులు. గ్లాసులు చుట్టేది ఇల్లాలు, పుస్తకాలు సర్దేది ఆయన, ఇద్దరి కాళ్ళకూ అడ్డం పడేది ఆయన తల్లి.

ఆ ఇంటి బతుకుతెరువు కాస్త విచిత్రమైనది. సొంత ప్రాంతాన్ని సొంతవాళ్ళకే తిప్పి చూపించడం. ఎక్కడెక్కడికో వెళ్ళొచ్చి ఫొటోలు చూపించే జనానికి, తమ ఊరికి గంట దూరంలో ఏటిగట్టు ఎంత చల్లగా ఉంటుందో, కొండవాలు ద్రాక్షతోటల్లో ఎలాంటి వైన్ తయారవుతుందో, ఈ నేల మీద పుట్టినవాళ్ళు ఏమేం పుస్తకాలు రాశారో తెలియదు. అలాంటివాళ్ళని వ్యాన్ ఎక్కించుకుని, ఏటి ఒడ్డున ఒక పేజీ చదివి వినిపించి, తోటలో వైన్ రుచి చూపించి, చీకటి పడకముందే ఇళ్ళ దగ్గర దింపేస్తారు. మాట్లాడేది ఆవిడ, నడిపేది ఆయన. ఆవిడకి జనం పెట్టిన పేరు గైడమ్మ. ఆయన పేరు పైలట్.

"నాన్నా, ఇవాళ నేను రాలేను. కాలేజీలో ప్రాక్టికల్స్ ఉన్నాయి," అంది కూతురు, జడ వేసుకుంటూ.

పైలట్ చేతిలో పుస్తకాల కట్ట అలాగే ఆగిపోయింది. "ఆదివారం నాడు ప్రాక్టికల్సేమిటే?"

"పరీక్షలొస్తున్నాయి కదా. చాలా బతిమాలాను, ఒప్పుకోలేదు." ఆ పిల్ల గొంతు ఏడుపుకి దగ్గరగా ఉంది. ప్రాక్టికల్స్‌కి ఏడుపెందుకో గైడమ్మకి అర్థం కాలేదు.

ఈ మధ్య కొన్ని నెలలుగా కూతురు ఒక్క ఆదివారం కూడా మానకుండా వస్తోంది. ముందు సీట్లో తండ్రి పక్కన కూర్చుని వసపిట్టలా వాగుతూనే ఉంటుంది. పెళ్ళీడుకొస్తున్న పిల్లకి తండ్రంటే ఇంత ముద్దా అని గైడమ్మ మురిసింది. లోలోపల చిన్న అసూయ కూడా లేకపోలేదు. ఎందుకంటే ఆ నెలల్లోనే ఆయన ఆవిడ మొహం చూడ్డం మానేశాడు. మాట్లాడతాడు, అడిగినదానికి జవాబు చెబుతాడు. చూపు మాత్రం ఆవిడ చెవి దాటి వెనక గోడ మీదెక్కడో ఉంటుంది.

"ఏమండీ, ఇవాళ ఏటి ఒడ్డున ఏ పేజీ చదవమంటారు?"

ఆ ఎంపిక ఎప్పుడూ ఆయనదే. తోటలో జనం వైన్ రుచి చూస్తుంటే డ్రైవరు గుక్కెడు ముట్టుకోకూడదు కదా, వ్యాన్‌లో కూర్చుని పెట్టెలోని పుస్తకాలు ఒక్కొక్కటే చదివేవాడు. అందరూ వైన్ తాగుతుంటే ఆయన పుస్తకాలు తాగేవాడన్నమాట.

"మన ఊరి మాస్టారి పుస్తకం. నూట పన్నెండో పేజీ. కొండ మీద మొదటి తోట వేసిన ముచ్చట," అన్నాడు తలుపు వైపు చూస్తూ.

"నేనిక్కడున్నాను. మీరు తలుపుకి చెబుతున్నారు."

"నీకే చెబుతున్నా."

"చూస్తే అలా లేదు."

"పొద్దున్నే మొదలెట్టకండర్రా," అంది పెద్దావిడ, కుర్చీల మధ్య దారి వెతుక్కుంటూ. "వాడి చూపు తిన్నగా లేదు, నీ మాట తిన్నగా లేదు. ముందు నా టీ సంగతి చూడండి."

కూతురు కాలేజీకి బయలుదేరుతూ తండ్రి దగ్గరికెళ్ళి ఏదో గుసగుసలాడింది. ఆయన దాని తల నిమిరి, "ఈ దారి నాకు కొత్తా? కళ్ళు మూసుకుని వెళ్ళొస్తా," అన్నాడు. ఆ పిల్ల నవ్వలేదు.

*

ఏటి ఒడ్డున కుర్చీలు వేశారు. జనం చల్లగాలికి మెత్తబడి కూర్చున్నారు. గైడమ్మ పెట్టెలోంచి మాస్టారి పుస్తకం తీసింది. పాత ప్రతులు అయిపోయి పోయిన వారమే కొత్తగా అచ్చయి వచ్చింది. నూట పన్నెండో పేజీ తెరిచి, గొంతు సవరించుకుని గంభీరంగా మొదలుపెట్టింది. "మా మేనమామకు దవడపన్ను పీకించిన రోజు ఇంటిల్లిపాదీ ఆయన నోట్లోకి తొంగి చూశాం..."

జనం ఘొల్లుమన్నారు. ఒకాయన, "ఇది వైన్‌కి ముందు చదివేదా, తర్వాతా మేడమ్?" అన్నాడు. గైడమ్మ నవ్వుతూనే సర్దుకుంది. తోట ముచ్చట పదహారు పేజీల అవతల దొరికింది. చదివింది గానీ, ఆ కొండ కథ ఆవిడకే నీరసంగా వినిపించింది.

అందరూ వ్యాన్ ఎక్కుతుంటే ఆయన పక్కకి వెళ్ళి పళ్ళ బిగువున అడిగింది. "పొద్దున పుస్తకం తెరిచైనా చూశారా?"

"చూశాను."

"అచ్చు మారింది. పేజీలన్నీ మారాయి. తెరిచి ఉంటే తెలిసేది. నాకు ఒక్క పేజీ చూసిపెట్టే ఓపిక కూడా లేదా మీకు?"

ఆయన ఆవిడ భుజం మీదుగా ఏటి వైపు చూస్తూ, "పొరపాటైపోయింది, పద," అన్నాడు. ఆ చూపు చూసేసరికి ఆవిడకి ఒళ్ళు మండింది. పేజీ పోతే పోయింది. మొహం చూసి చెప్పొచ్చు కదా.

వ్యాన్ నడుస్తుంటే గైడమ్మ ఎప్పుడూ జనం వైపు తిరిగి, దారికి వీపు పెట్టి నిలబడుతుంది. ఇన్నేళ్ళూ ఆ దారి ఆవిడ వెనకే గడిచిపోయింది. ద్రాక్ష పళ్ళ తోలులోంచి వైన్‌కి రంగు ఎలా దిగుతుందో చెబుతూ ఉండగా వ్యాన్ తోట గేటు వైపు మలుపు తిరిగింది. మరుక్షణం పెద్ద చప్పుడు. ఆవిడ తలుపుకేసి పడింది. గ్లాసుల బుట్ట బోర్లాపడి భళ్ళున పగిలింది. వెనక సీట్లో ఒక చంటిదాని నుదురు ముందు సీటు కమ్మీకి తగిలి, అది గుక్కపట్టి ఏడవసాగింది.

గేటు ముందు లారీలు రాకుండా సిమెంటు దిమ్మెలు పెట్టారు. వ్యాన్ తిన్నగా పోయి వాటిని గుద్దుకుంది.

"కనబడలేదా అండీ?" అంది గైడమ్మ.

ఆయన స్టీరింగు రెండు చేతులా పట్టుకుని బిగుసుకుపోయి ఉన్నాడు. "ఇక్కడ ఏం లేదు... ఇక్కడ ఎప్పుడూ ఏం లేదు..."

ఉన్నాయి. పోయిన వారమూ ఉన్నాయి. అప్పుడు కూతురు ముందు సీట్లోంచి, "నాన్నా కుడికి, ఇంకొంచెం కుడికి, ఆ... చాలు," అంటుంటే ఆట అనుకుంది ఆవిడ. ఆ మాటలు ఇప్పుడు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. 'నాన్నా, సైకిలు.' 'నాన్నా, ముందు కుక్క.' 'నాన్నా, ఎర్ర లైటు.'

చంటిదాని నుదురు బొప్పి కట్టింది, అంతే. దాని తల్లి మాత్రం పైలట్ వైపు చూసిన చూపు మర్చిపోయేది కాదు. తోటవాళ్ళు తమ డ్రైవర్ని ఇచ్చి అందర్నీ వెనక్కి పంపారు.

*

సాయంత్రం కూతురు గేటు తీస్తూనే సొట్టపడిన వ్యాన్ చూసి సంచీ అక్కడే జారవిడిచింది. "నాన్నా! ఎవరికైనా దెబ్బలు తగిలాయా? అయ్యో, నేను లేని రోజే..."

"నువ్వు లేకపోతే ఏం?" అంది గైడమ్మ గుమ్మంలోంచి. "నువ్వేమైనా నడుపుతున్నావా?"

ఆ పిల్ల తండ్రి వైపు చూసింది.

"నేను అడుగుతున్నా. ఈ ఇంట్లో నేనొక్కదాన్నే పరాయిదాన్నా?"

"అమ్మా, ఎవరికీ చెప్పొద్దని నాన్న ఒట్టేయించుకున్నాడమ్మా," అంది కూతురు, అప్పటికే ఏడుస్తూ. "కంటి డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. చూపు నడిమధ్యలో మచ్చ పడుతోందట. పక్కలు కనిపిస్తాయి, తిన్నగా ఉన్నది కనిపించదు. మందు లేదు, ఆపరేషన్ లేదు."

"డ్రైవింగు?"

"ఆ రోజే మానెయ్యమన్నాడు."

గైడమ్మ వరండా మెట్టు మీద కూలబడింది. కోపం ముందొచ్చిందో, భయం ముందొచ్చిందో ఆవిడకే తెలియలేదు.

"చంటిపిల్లలు ఎక్కుతారండీ మన వ్యాన్! మిమ్మల్ని నమ్మి ఎక్కుతారు! ఆ పసిదానికి ఇంకేమైనా అయ్యుంటే? ఈ పిల్లని మీ కళ్ళు చేసుకుని కూర్చోబెట్టారా పక్కన? దాని ప్రాణం ప్రాణం కాదా?"

"తెలుసు," అన్నాడు పైలట్. "ప్రతి ఆదివారం రాత్రీ ఇదే ఆఖరు అనుకునేవాణ్ణి. మళ్ళీ ఆదివారం వచ్చేసరికి తాళం చేతిలోకి వచ్చేసేది. దారంతా నా కాళ్ళకీ చేతులకీ తెలుసు. ఎక్కడ గుంత, ఎక్కడ మలుపు... అనుకున్నాను, దారి మారదు కదా అని."

"నాకొక్క మాట చెప్పుంటే?"

"చెప్తే ఏం చేసేదానివి? తాళం లాక్కునేదానివి." ఆయన గొంతు తగ్గింది. "నువ్వు మాట్లాడతావు, జనం వింటారు. నేను నడుపుతాను. అది తీసేస్తే ఇంక నేనెందుకు?"

గైడమ్మ గుండెలో నలుగుతున్న ఇంకో మాట బయటికొచ్చింది.

"ఇన్నాళ్ళూ నా మొహం చూడటం లేదు మీరు. నేనేం తప్పు చేశానో అని నాలో నేనే కుమిలిపోయాను. కనీసం అదైనా..."

"తిన్నగా చూస్తే నీ మొహం ఉండాల్సినచోట మసకే కనబడుతుందే," అన్నాడాయన. "చెవి పక్కకి చూశాననుకో, అప్పుడు కాస్త దొరుకుతావు. ముక్కు, బొట్టు, నువ్వు నవ్వితే అది. నిన్ను చూడాలనే పక్కకి చూస్తున్నా."

గైడమ్మ చీర కొంగు నోట్లో కుక్కుకుంది. గుమ్మంలో నిలబడి అంతా వింటున్న పెద్దావిడ గోడ పట్టుకుని కిందికి దిగింది. "నా రెండు కళ్ళకీ ఆపరేషన్ చేయించావు కదరా," అంది. "ఇప్పుడు సూదిలో దారం ఎక్కించేది నేను. నీకేమో ఇలా అయిందా? ఆ డాక్టర్ని అడుగు, నాది తీసి నీకు పెట్టడం కుదురుతుందేమో."

"కుదరదమ్మా."

"అడిగి చూడరాదూ!"

"అడిగానే నానమ్మా," అంది కూతురు కళ్ళు తుడుచుకుంటూ. "నాది తీసుకోమని." తర్వాత మెల్లగా అంది. "నేను చదువు ఆపేస్తా. లైసెన్సు తెచ్చుకుని వ్యాన్ నడుపుతా."

"నోర్ముయ్!" అన్నారు తల్లీ తండ్రీ ఒక్కసారే. ఆ రోజు మొత్తంలో ఇద్దరికీ కుదిరిన మాట అదొక్కటే.

ఆయన జేబులోంచి తాళం తీసి భార్య చేతిలో పెట్టాడు. ఎవరూ అడగలేదు. దాన్ని ఏం చేయాలో తెలియక ఆవిడ చాలాసేపు అలాగే పట్టుకుని కూర్చుంది.

*

సొట్ట బాగుచేయించాక మళ్ళీ ఆదివారం వచ్చింది. కొత్త డ్రైవరు కుదిరాడు. మంచివాడే. నేను రానంటే రానని పైలట్ మొండికేస్తే పెద్దావిడే చెయ్యి పట్టుకుని వ్యాన్ దాకా తీసుకొచ్చింది. జనంతో పాటు మధ్య సీట్లో కూర్చున్నాడు.

"ఇప్పుడొచ్చే మలుపులో కాస్త..." అన్నాడు ఒకచోట.

"కనబడుతోంది సార్," అన్నాడు కొత్త డ్రైవరు, మర్యాదగానే.

దిగుడు వచ్చినప్పుడల్లా పైలట్ కుడికాలు నేలని నొక్కుతూనే ఉంది. జనానికి ఎదురుగా నిలబడి ఉన్న గైడమ్మకి అది కనిపిస్తూనే ఉంది. ఏటి గురించి చెబుతూ చెబుతూ ఎక్కడున్నానో మర్చిపోయింది. ఏం చేయగలదు? ఆ కాలు పట్టుకుని ఆపలేదు, ఆ కాలి కింద బ్రేకు పెట్టలేదు.

తోటలో బల్ల చుట్టూ అందరూ కూర్చున్నారు. వైన్ పోసే ఆవిడ గ్లాసులు నింపుకుంటూ వచ్చి, పైలట్‌ని దాటి పక్కాయన దగ్గరికి వెళ్ళిపోయింది. ఇన్నేళ్ళ అలవాటు.

"ఆయనకి కూడా..." అంది గైడమ్మ.

"పైలట్ గారు డ్రైవింగ్ కదమ్మా?" అంది ఆవిడ ఆశ్చర్యంగా.

బల్ల చుట్టూ అందరూ గైడమ్మ వైపే చూస్తున్నారు. ఆయనే గ్లాసు ముందుకి జరిపాడు.

"నేనింక నడపనమ్మా. పొయ్యి."

పోసింది. ఆయన గ్లాసెత్తి పెద్ద గుక్క మింగేసి, మొహం చిట్లించాడు. "ఛీ! ఇంత పులుపా? ఇన్నేళ్ళూ ఇంతమందిని దీనికోసమా మోసుకొచ్చాను!"

బల్లంతా నవ్వులు. పైలట్ కూడా నవ్వాడు. నవ్వుతుంటే ఆయన కళ్ళలోంచి నీళ్ళు కారాయి, తుడుచుకోలేదు.

గైడమ్మ కుర్చీ లాక్కుని ఆయన పక్కన కూర్చుంది. ప్రతి ఆదివారం ముక్కూమొహం తెలియనివాళ్ళకి చెప్పే మాటే అది. ఇవాళ ఆయనకి చెప్పింది.

"మొదటి గుక్క ఎవరికీ తెలియదండీ. కాస్తే తీసుకోండి. వెంటనే మింగకండి. నోట్లో ఉంచుకోండి."

ఆయన చెప్పినట్టే చేశాడు. నోట్లో ఉంచుకుని, చాలాసేపటికి మింగాడు.

"ఇప్పుడు?" అందావిడ.

"ఇప్పుడూ పులుపే," అన్నాడు. ఖాళీ గ్లాసు ఆవిడ ముందుకి జరిపాడు. "అయినా ఇంకాస్త పొయ్యి."