ఒక్క బెల్లు

పొద్దున్నే కాఫీ గ్లాసుతో పెరట్లో అడుగుపెట్టిందో లేదో, కండక్టరమ్మ కొంగుతో ముక్కు మూసుకుంది. ఇంటి వెనక ఖాళీ స్థలంలో రెండంతస్తుల ఎర్ర బస్సు కిటికీలన్నీ తెరుచుకుని నిలబడి ఉంది. మంచం కోసం పై అంతస్తులోంచి లాగి పడేసిన సీట్లలోంచి ఎలుకల కంపు, తడిసి ఎండిన స్పాంజి కంపు, పాత డీజిలు కంపు. మూడూ కలిసి వంటింటిదాకా వస్తున్నాయి. ఆవిడ కాఫీని తాగకుండానే మొక్క మొదట్లో పారబోసింది.

"ఏమోయ్, ఇలా రా! మేడమీద మంచం బిగించేశాను" అని పైనుంచి కేకేశాడు డ్రైవరుగారు. నుదుటినిండా గ్రీజు, చెవి సందున పెన్సిలు, మొహంలో పెళ్లికళ.

ఆయన ఆ బస్సుకి డ్రైవరు, ఆవిడ కండక్టరు. మొగుడూ పెళ్లాలిద్దరూ ఇరవై రెండేళ్లు అందులోనే పనిచేశారు. రిటైరై ఇన్నాళ్లయినా వీధిలో వాళ్లకి ఆ పేర్లే మిగిలాయి. బస్సు తుక్కు కింద పోతుంటే ఆయన పట్టుబట్టి తెచ్చుకున్నాడు. ఎనిమిది నెలలుగా ఇంజను విప్పి బిగించాడు, బ్రేకులు మార్చాడు, కింది అంతస్తులో చిన్న వంటిల్లు అమర్చాడు. ఆదివారం బయల్దేరాలి. నాలుగు నెలలు, ఆరు దేశాలు, మధ్యలో కొండ కనుమ. ఈ నెల దాటితే కనుమ మీద మంచు పడుతుంది, మళ్లీ వేసవిదాకా దారి మూసేస్తారు.

బడిలో భూగోళం చెప్పే కూతురు సెలవు పెట్టి మరీ వచ్చి, మ్యాపులు పరుచుకుని కూర్చుంది. "అమ్మా, ఇలాంటి అవకాశం ఎంతమందికి వస్తుందే? మొహం అలా ముడుచుకుంటావేంటి?"

"వాసన తగలడం లేదూ నీకు?"

"కడిగితే పోతుంది. నాన్న అన్నీ చేసేశాడు. సీట్ల కింద చూయింగ్ గమ్ గీకడం ఒక్కటే మిగిలింది."

"ఆ పని మీ అమ్మకి వదిలేశాను" అన్నాడు ఆయన నవ్వుతూ కిందికి దిగి, గీకే రేకు ఆవిడ చేతిలో పెడుతూ. "దానికి అలవాటేగా!"

ఏం మనిషో! ఆ మాట అనకుండా ఉన్నా ఆ పూట గడిచిపోయేది. కండక్టరమ్మ రేకు విసిరికొడితే అది చక్రానికి తగిలి ఖంగుమంది.

"అలవాటా? ఇరవై రెండేళ్లు ఊళ్లోవాళ్ల వాంతులెత్తాను. ఉమ్ములు తుడిచాను. వానొస్తే కిటికీలన్నీ మూసేసి, ఆ చెమటలో, ఆ తడి గొడుగుల కంపులో నలిగి చచ్చాను. ఇంటికొచ్చి రెండుసార్లు సబ్బు రుద్దుకున్నా ముద్ద నోటిదాకా వస్తే అదే కంపు. నాకీ బస్సంటే రోత! నేను రాను."

"అదేంటే, అన్నేళ్లూ కలిసేగా పనిచేశాం..."

"ఎక్కడ కలిశాం? మీరు ముందు మీ గదిలో. మీ తలుపు వేరు, మీ గాలి వేరు. మనిద్దరి మధ్యా ఉన్నది మీ వెనకున్న చిన్న కిటికీ ఒక్కటే. దానికి కూడా అడ్డంగా అలమర కొట్టేశారు కదండీ!"

ఆయన తిరిగి చూశాడు. నిజమే. డ్రైవరు గది వెనక గోడకి, సరిగ్గా కిటికీ మీదే, వంటింటి అలమర బిగించి ఉంది. "గోడ తిన్నగా ఉందని పెట్టాను. కిటికీ సంగతే మర్చిపోయాను" అని నసిగాడు.

"మీరెప్పుడు గుర్తుపెట్టుకున్నారు గనక! ఇది నా కడుపులో ఉన్నప్పుడు, ఐదో నెల. బస్సులో కాలు పెట్టే చోటు లేదు. వాంతి ముంచుకొచ్చింది. ఆపమని ఒక్క బెల్లు కొట్టాను. ఆగి మళ్లీ ఒకటి, మళ్లీ ఒకటి. మీరు వెనక్కయినా తిరక్కుండా ఆ కిటికీలోంచి 'టైం లేదు' అని అరిచారు. టికెట్ల సంచీలో కక్కుకున్నాను. తర్వాతి స్టాపులో కుళాయి కింద సంచీ కడుక్కుని, ఎక్కి, రైట్ రైట్ అన్నాను."

కూతురు చేతిలో మ్యాపు కిందికి జారింది.

"పాసింజర్లెవరో తాడు లాగుతున్నారనుకున్నానే" అన్నాడాయన.

"నా బెల్లు మీకు తెలియదా?"

ఆవిడ విసవిసా లోపలికెళ్లి తలుపేసుకుంది.

"నాన్నా" అంది కూతురు మెల్లిగా. "నువ్వెప్పుడైనా లోపల కూర్చుని ఒక్క ట్రిప్పయినా వెళ్లావా?"

ఆయన ఎంత ఆలోచించినా ఒక్కటీ గుర్తురాలేదు.

మధ్యాహ్నం భోజనానికి ఆయన రాలేదు. సుత్తి చప్పుడూ లేదు. పంతం పక్కనపెట్టి కండక్టరమ్మే బయటికొచ్చింది. అలమర నేలమీద ఉంది. చక్రం పక్కన ఆయన కక్కుకున్న గుర్తు మీద ఇసుక పోసి ఉంది. బస్సు కిటికీలన్నీ బిడాయించి, లోపల సీటు కింద వెల్లకిలా పడుకుని గమ్ గీకుతున్నాడు డ్రైవరుగారు. చెమట కళ్లలోకి కారుతోంది.

"ఎండలో కిటికీలు మూసుకుని ఇదేం పనండీ!"

"ఎలా ఉంటుందో చూద్దామని. గంటసేపు ఉండలేకపోయాను. నువ్వు ఇందులోంచి దిగొచ్చి, డిపోలో నన్ను చూసి నవ్వేదానివి కదే!" ఆయన సీటు కిందనుంచి లేచి కూర్చున్నాడు. "ఆదివారం లేదు, ఏం లేదు. మంచు పడితే పడనీ. నువ్వు హెవీ లైసెన్సు తీసుకో. వేసవికి వెళ్దాం. సగం దారి నువ్వు తోలు, నేను లోపలుంటాను. వద్దంటావా, రేపే తుక్కుకి పంపించేస్తాను."

ఆవిడ నేలమీద ఉన్న అలమరకేసి చూసింది.

"ఒక్కసారి వెళ్లి నా సీట్లో కూర్చోవే."

ఆవిడ చుట్టూ తిరిగి వెళ్లి, మొదటిసారి ఆ గదిలోకి ఎక్కింది. స్టీరింగు మీద చేతులు వేసింది. ముందు నుంచి చల్లటి గాలి మొహానికి తగిలింది. వాసనన్నది లేదు. 'ఇన్నాళ్లూ ఇంత గాలి ఆడిందా ఈయనకి!' అనుకునేసరికి ఒళ్లు మండింది, ఆ వెంటనే ఏడుపూ వచ్చింది.

అప్పుడు మోగింది వెనకనుంచి, ఒక్క బెల్లు.

'టైం లేదు' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఎన్నేళ్ల నుంచో దాచుకున్న మాట! చిన్న కిటికీలోంచి వెనక్కి చూసింది. డ్రైవరుగారు ఒక చేత్తో తాడు, ఒక చేత్తో కడుపు పట్టుకుని వంగిపోయి ఉన్నాడు. ఆవిడ గబగబా దిగి, చుట్టూ తిరిగి, మంచినీళ్లతో ఎక్కింది. ఎక్కుతూనే రెండు కిటికీలు తెరిచింది.

"ఒక్క బెల్లుకే వచ్చేశావే" అన్నాడాయన. కళ్లు తుడుచుకోబోయి మొహమంతా గ్రీజు పూసుకున్నాడు.

"ఛీ, కంపు కొడుతున్నారు. జరగండి" అని కండక్టరమ్మ ఆయన పక్కన కూలబడి, గీకే రేకు అందుకుంది.